గీత ముందు, నిప్పు తరువాత

మాది బుట్టాయగూడెం మండలంలో అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెం. నా ఉద్యోగం కొల్లేటి పక్కన, మండవల్లి మండలంలో ఒక చిన్న బడిలో. ఈ రెండు చోట్లూ ఇప్పుడు ఒకే జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు పశ్చిమ గోదావరి నుంచి మా ఏజెన్సీ మండలాలు, కృష్ణా నుంచి మండవల్లి, కైకలూరు వచ్చి ఇందులో కలిశాయి. కాగితం మీద ఒకటే జిల్లా గాని, అక్కడ కొండ, ఇక్కడ నీళ్లు. అడవిలో పుట్టినవాడికి నిప్పు గురించి కొల్లేరు కొత్తగా నేర్పేదేముంటుంది అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. నా కుడిచేతి మీదున్న కాలిన మచ్చ మాత్రం మండవల్లిలోనే పడింది.

మా తాత పోడు కొట్టేవాడు. చెట్టూ పొదా నరికి ఎండబెట్టి, వేసవి చివర్లో నిప్పు పెట్టి, తొలకరికి జొన్న, సామ, కంది చల్లేవాళ్లు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆఖరిసారి ఆ పని చూశాను. పొద్దు వాలి గాలి పడ్డాక, తాత పొడుగాటి ఎండు వెదురు చివర నిప్పు పట్టుకుని కొండ పైఅంచున నడుచుకుంటూ అంటించాడు. పైన అంటిస్తే మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది, కింద అంటిస్తే పరుగెత్తుకుంటూ పైకి ఎక్కుతుంది. ఆ రాత్రి కొండ మీద ఎర్రటి దండ వేలాడినట్టు ఉంది. నాకు బాగా గుర్తుండిపోయింది ఆ మంటే. దానికి ముందు మూడు రోజులు గూడెమంతా పోడు చుట్టూ ఆకూ అలమూ ఊడ్చిన సంగతి, అడ్డంగా పడిన ఎండు మొద్దులను లోపలికి దొర్లించిన సంగతి నా మనసుకి ఆనలేదు. చిన్నపిల్లవాడికి చీపురు పని ఏం గుర్తుంటుంది? "నిప్పుకి కాళ్లు లేవురా, ఆకే దాని కాళ్లు. ఆకు లేనిచోట అది నడవలేదు" అని తాత అన్న మాట మాత్రం చెవిలో పడింది. దాని అర్థం చాలా ఏళ్లకు గాని తలకెక్కలేదు.

బయటివాళ్లు మన గురించి ఒక మాట అంటారు. అడవి తగలబడితే చాలు, "కోయోళ్లే పెట్టుంటారు" అంటారు. ఈ మాట కొత్తది కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును నేరం లెక్కన చూసింది. మన్యంలో 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో పోడు మీద పెట్టిన ఆంక్షలు కూడా ఒకటి. ఈ మాట విన్నప్పుడల్లా నాకు రోషం వచ్చేది. మనకు నిప్పు సంగతి తెలిసినంత ఇంకెవరికి తెలుసు అని వాదించేవాణ్ణి. ఆ రోషమే నన్ను మండవల్లిలో తప్పుదారి పట్టించింది.

మా బడి దగ్గర ఎటు చూసినా చేపల చెరువులు. గట్ల మీద కాపలా గుడిసెలు. వాటిలో ఉండేది యానాది కుటుంబాలు. చెరువుకి కాపలా కాస్తారు, మేత వేస్తారు, వల లాగుతారు. వాళ్ల పిల్లలే మా బడిలో సగం మంది. గుడిసెకి కప్పు తాటాకు, గోడ తడిక. వెనక కాలువ గట్టు పొడుగునా జమ్ము, కిక్కిస. కిక్కిస మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది, వేసవికి ఎండి గలగలమంటుంది. గట్టు అవతల దాళ్వా చేలు. చేత్తో కోసిన రోజుల్లో గడ్డి కుప్ప వేసుకుని పశువులకు దాచుకునేవాళ్లు. ఇప్పుడు మెషిన్ కోస్తుంది, గడ్డి చేలోనే చెల్లాచెదురుగా పడి ఉంటుంది. దాన్ని ఎత్తించాలంటే కూలి. కాల్చాలంటే ఒక్క అగ్గిపుల్ల.

2023 ఏప్రిల్‌లో, ఒంటిపూట బడులప్పుడు, ఐదో తరగతి పిల్లవాడి తాత బడి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారండీ, పక్క చేలో గడ్డి తగలెడతారంటండి. గాలి ఇటు తిరిగితే ఆ కిక్కిస అంటుకుని మా గుడిసెలు పోతాయండి. ఏం చెయ్యమంటారండి?"

ఆ రైతుతో మాట్లాడదాం పదండి అనాల్సింది. పంచాయతీకి చెబుదాం అనాల్సింది. నేను అలా అనలేదు. "నేను కొండవాణ్ణి తాతా. నిప్పు సంగతి నాకు వదిలెయ్యండి" అన్నాను. గుడిసెల వెనక కిక్కిసను ముందే ఒక పట్టీలా కాల్చేస్తే, తరువాత చేలోంచి మంట వచ్చినా తినడానికి ఏమీ దొరకదు. ఆలోచన తప్పు కాదు. అడవిలో ఫారెస్టు వాళ్లు చేసే ఫైర్‌లైన్ పని కూడా ఇదే. చేసిన తీరే తప్పు.

ఆదివారం పొద్దున్న పది గంటలకు వెళ్లాను. కొడవలితో రెండడుగుల వెడల్పున గడ్డి కోసి, కోసినదాన్ని పక్కనే వేశాను. ఆ పక్క గుడిసెల వైపు. బండిలోంచి నీళ్ల బాటిల్ నిండా పెట్రోలు తీసి కిక్కిస మొదట్లో చల్లి, వంగి అగ్గిపుల్ల గీశాను. పుల్ల గడ్డిని తాకనే లేదు, గాలే భగ్గుమంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ ఉంటుంది. నేను దాని మధ్యలోనే నిలబడి పుల్ల గీశాను. కుడిచెయ్యి, కనుబొమలు కాలాయి. ఆ తీరంలో పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. పది గంటలకే అది మొదలైంది. మంట రెండడుగుల గీతను చూడను కూడా చూడలేదు. నేను కోసి పడేసిన ఎండుగడ్డే దానికి వంతెన అయింది.

అప్పుడు ఒకావిడ అరుస్తూ చివరి గుడిసెలోకి పరుగెత్తింది. లోపల ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. నిప్పు పెట్టేముందు గుడిసెల్లో ఎవరున్నారో కూడా నేను చూడలేదు.

పాపను తెచ్చారు. ఆడవాళ్లు గోనెసంచులు చెరువులో ముంచి మంట మీద వేశారు. ఒకతను చెరువు ఇంజను వేసి పైపుతో నీళ్లు కొట్టాడు. గుడిసెలు నిలిచాయి. ఒక చూరు కమిలింది. గట్టు మీద ఆరేసిన రెండు వలలు, పక్కన పెట్టిన మావులు కాలిపోయాయి. చెయ్యి మీద ఎవరో టూత్‌పేస్టు రాయబోతే ఏఎన్ఎం అమ్మాయి వద్దని, ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టించింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, పేస్టూ పసుపూ ఏమీ రాయకూడదు.

వలల డబ్బు రెండు నెలల్లో ఇచ్చాను. ఆ పెద్దాయన తిట్టలేదు. "మీ కొండ మీద గాలి వేరండి, మా గట్టు మీద గాలి వేరండి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వేసవి సెలవులకు ఇంటికి వెళ్లాను. మా బావ ఎండాకాలంలో ఫారెస్టు వాళ్ల దగ్గర ఫైర్ వాచర్‌గా కూలికి వెళతాడు. చెయ్యి చూసి ముందు నవ్వాడు, పాప సంగతి చెప్పాక నవ్వు ఆపాడు.

"బావా, తాత ఆఖరి రోజు చేసిన పనే నువ్వు నేర్చుకున్నావు. ముందు మూడు రోజులు వదిలేశావు" అన్నాడు.

మర్నాడు తెల్లవారక ముందే నన్ను అడవికి తీసుకుపోయాడు. అక్కడ చూసిన సామాను గురించి వివరంగా రాస్తాను. మన పిల్లల్లో చాలామంది ఈ కూలికి వెళతారు. వాళ్ల చేతిలో ఏముందో, ఏముండాలో వాళ్లకు తెలియాలి.

మొదటిది దంతె. ఇనప పళ్లున్న పొడుగు కర్ర. ఆకును లాగి నేల కనిపించేలా చేయడానికి. రెండోది బ్లోయర్. వీపుకు తగిలించుకునే పెట్రోలు ఇంజను, చేతిలో గొట్టం. ఊపిరి బిగబట్టి ఊదినట్టు ఆకును రెండు పక్కలకూ నెడుతుంది. చీపుళ్లతో పగలంతా పట్టే దారిని దీంతో చాలా తొందరగా చేయొచ్చు. కాని నిప్పురవ్వల మీద దీన్ని తిప్పితే రవ్వలు అవతలికి ఎగురుతాయి. ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయకూడదు. మూడోది మంట అణిచే బద్ద. కర్ర చివర మందపాటి రబ్బరు ముక్కలు బిగించి ఉంటాయి. అది లేకపోతే పచ్చి మండలే. దీన్ని ఎత్తి బాదకూడదు. బాదితే రవ్వలు చెదురుతాయి. మంట మీద నొక్కిపెట్టి, కాలిన వైపుకు ఈడవాలి.

నాలుగోది నీళ్ల పంపు. చేలో మందు కొట్టే పదహారు లీటర్ల వీపు పంపే దీనికి సరిపోతుంది. అయితే పురుగుమందు కొట్టిన పంపు వాడకూడదు. దీనికంటూ ఒకటి వేరే ఉంచుకోవాలి. నీళ్లను మంట పైన కాకుండా మొదట్లో కొట్టాలి. ఐదోది ఒంటి మీద బట్ట. నైలాన్, పాలిస్టర్ బట్ట వేడికి కరిగి చర్మానికి అంటుకుపోతుంది. పొడుగు చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు, తోలు గ్లౌజులు, కళ్లద్దాలు, తలకు హెల్మెట్. బావ కాళ్లకు ఆ రోజు రబ్బరు చెప్పులే ఉన్నాయి. అదేమిటని అడిగితే, "బూట్లు ఇస్తే వేసుకోనా?" అన్నాడు. మన పిల్లలు కూలి రేటు ఎంతని అడుగుతారు. బూట్లు ఇస్తారా అని కూడా అడగాలి.

ఆరోది మా వైపు నేను ఎవరి చేతిలోనూ చూడలేదు, వీడియోల్లో చూశాను. దాని పేరు డ్రిప్ టార్చ్. అమెరికాలో, ఆస్ట్రేలియాలో గీతలు కాల్చేవాళ్లు వాడతారు. నాలుగైదు లీటర్లు పట్టే లోహపు క్యాను, దానికి పొడుగాటి గొట్టం, గొట్టం చివర వత్తి. లోపల ఒట్టి పెట్రోలు పోయరు. మూడు వంతుల డీజిల్‌కి ఒక వంతు పెట్రోలు కలుపుతారు. డీజిల్ నిదానంగా మండుతుంది, పెట్రోలు దాన్ని అంటుకునేలా చేస్తుంది. క్యాను వంచితే నూనె చుక్కలు వత్తి మీదుగా మండుతూ నేల మీద పడతాయి. నిటారుగా పెడితే ఆగిపోతాయి. గొట్టం మధ్యలో ఒక మెలిక ఉంటుంది. మంట వెనక్కి తిరిగి క్యానులోకి పోకుండా అది కాపలా. మనిషి నిలబడే నడుస్తాడు, వంగడు. నిప్పు ఎప్పుడూ చేతికి దూరంగా, కొద్దికొద్దిగా పడుతుంది.

ఆ వీడియో చూసినప్పుడు నాకు తాత చేతిలోని వెదురు గుర్తొచ్చింది. నిప్పును దూరంగా పట్టుకో, కొంచెం కొంచెంగా పెట్టు, వంగకు. తాత వెదురూ ఆ క్యానూ చేసే పని ఒకటే. నా నీళ్ల బాటిల్ వీటిలో ఒక్కటీ చేయలేదు. డ్రిప్ టార్చ్ లేదని మన పని ఆగదు. ఎండు వెదురు కాగడా చాలు. బాటిల్‌తో పెట్రోలు మాత్రం ఎన్నడూ వద్దు.

సామాను కన్నా ముందు లెక్కలు నేర్పాడు బావ. గీత వెడల్పు పక్కనున్న గడ్డి ఎత్తుకు కనీసం రెండు మూడింతలు ఉండాలి. ఊడ్చిందీ కోసిందీ మంట వచ్చే వైపే వేయాలి, కాపాడుకునే వైపు వేయకూడదు. గాలి ఎటు పోతుందో ముందు గుప్పెడు గడ్డి పొగ చూసి తెలుసుకోవాలి. గాలికి ఎదురుగా నడిచే మంటనే పెట్టాలి, అంటే గాలి పోయే వైపున్న అంచు దగ్గర మొదలుపెట్టాలి. అది నెమ్మదిగా వెనక్కి కాలుతుంది. మంచు తడి ఆరుతున్న పొద్దున్న వేళ మంచిది. అయిపోయాక చేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి వేడి చూడాలి. వేళ్ల కింద, మొద్దు లోపల దాక్కున్న నిప్పు మధ్యాహ్నం గాలికి లేస్తుంది.

"ఇన్ని తిప్పలెందుకు, అడవి అంటుకుంటే ఆర్పుకుంటారుగా" అని అడిగాను. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్లు పోశాయి. "మన గూడేనికి హెలికాప్టర్ వస్తుందా?" అన్నాడు బావ. ఇప్పుడు అడవిలో మంట లేస్తే ఉపగ్రహం చూస్తుంది, డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ నుంచి ఫారెస్టు వాళ్ల ఫోన్లకు కబురు వస్తుంది. కబురు ఎంత తొందరగా వచ్చినా ఆ కొండ ఎక్కాల్సింది దంతె పట్టిన మనిషే. వాళ్లలో మనవాళ్లే ఎక్కువ.

ఇంకో నిజం కూడా మనం ఒప్పుకోవాలి. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు మనలో ఉన్నారు. తునికి చిగురు బాగా రావాలని నిప్పు పెట్టేవాళ్లూ ఉన్నారు. చెట్టు కింద ఊడ్చి గీత గీసుకోకుండా పెట్టిన ఆ చిన్న నిప్పే కొండ దాటుతుంది. ఆకు ఊడ్చేస్తే పూలు నేల మీద అలాగే కనిపిస్తాయి, కింద పాత చీర పరిచినా చాలు. కాల్చాల్సిన పనే లేదు. బయటివాళ్ల నిందకు మన జవాబు రోషం ఒక్కటే అయితే, ఆ ఒక్కడి తప్పు అందరి మీదా పడుతూనే ఉంటుంది.

మనలాంటి వాళ్లు వేరేచోట్ల ఏం చేశారో కూడా చదివాను. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఎండాకాలం మొదట్లోనే రాలిన ఆకును చిన్న మంటలతో కాల్చేవాళ్లు. దాన్ని తరగు బెంకి అంటారు. అభయారణ్యం వచ్చాక దాన్ని ఆపేశారు. తరువాతే లాంటానా పొద అడవంతా కమ్మేసిందని సోలిగలు చెబుతారు, దాని మీద పరిశోధకులు కూడా రాశారు. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్న్‌హెమ్ లాండ్‌లో అక్కడి ఆదివాసులు 2006 నుంచి ఒక పెద్ద పథకం నడుపుతున్నారు. ఎండాకాలం మొదట్లో గడ్డి ఇంకా కొంత పచ్చిగా ఉండగా చిన్న మంటలు పెట్టి, ఎండాకాలం చివర వచ్చే పెద్ద మంటలకు దారి లేకుండా చేస్తారు. వాళ్ల పెద్దలకు తెలిసిన విద్యే. ఇప్పుడు డ్రిప్ టార్చూ, మ్యాపూ, జీతమూ ఉన్నాయి.

మన దగ్గర చట్టం వేరు, అది కూడా తెలిసి ఉండాలి. రిజర్వు అడవిలో సొంతంగా నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 1972 వన్యప్రాణి చట్టం నిషేధించింది. కొల్లేరు కూడా 1999 నుంచి అభయారణ్యం. అయితే 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరును కాపాడుకునే హక్కు మనకు ఇచ్చింది, ఆ పనికి గ్రామసభకు అధికారం ఇచ్చింది. ఫైర్‌లైన్ ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందితో, ఏ సామానుతో అని గ్రామసభ తీర్మానం రాసి ఫారెస్టు వాళ్లతో కలిసి కూర్చుని తేల్చుకోవచ్చు. బూట్లు కూడా ఆ తీర్మానంలోనే అడగొచ్చు.

2024 జనవరిలో నేను మండవల్లిలో మళ్లీ ఆ గట్టు మీదికి వెళ్లాను. ఈసారి ముందు పక్క రైతు దగ్గరికి, ఆ పెద్దాయనతో కలిసి. మాట్లాడితే అతను మంచివాడే. కోత అయ్యాక గట్టు పక్కన ట్రాక్టరుతో మూడు సాళ్లు దున్నిస్తానన్నాడు. దున్నిన నేల కూడా ఫైర్‌లైనే. ఆ గట్టు అభయారణ్యం హద్దులో లేదని ఫారెస్టు వాళ్లను అడిగి తెలుసుకున్నాం. పంచాయతీకి, అగ్నిమాపక కేంద్రానికి చెప్పాం. కిక్కిస ఇంకా ఆకుపచ్చగా ఉండగానే కోసి మోసుకుపోయారు. అది తడికలకూ పనికొస్తుంది. చాలాచోట్ల నిప్పు అవసరమే పడలేదు.

ఒక్కచోట మోళ్లు, జమ్ము చెత్త దట్టంగా మిగిలాయి. ఫిబ్రవరిలో ఒక పొద్దున్న, మంచు ఆరుతుండగా, ఎనిమిదిమందిమి వెళ్లాం. గుడిసెల్లోంచి పిల్లలనూ ముసలివాళ్లనూ ముందే బడి దగ్గరికి పంపాం. రెండు వీపు పంపులు, నాలుగు దంతెలు, తడి గోనెసంచులు, ఒక వెదురు కాగడా. ఇంజను పైపు నీళ్లతో సిద్ధంగా ఉంది. గుడిసెల వైపు నేల చెక్కి నీళ్లు కొట్టాం. పొగ చూశాం. పది అడుగుల ముక్క ఒకటి కాల్చి, పూర్తిగా ఆర్పి, తరువాతి ముక్కకు వెళ్లాం. నేను కాగడా పట్టలేదు, పంపు మోశాను. కాగడా పట్టింది ఆ పెద్దాయన. అతని గాలి అతనికి తెలుసు. ఎనిమిదిన్నరకు పని అయిపోయింది. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి చూస్తే ఒకచోట జమ్ము వేళ్ల కింద పొగ వస్తోంది. రెండు బిందెలు పోశాం.

ఆ మే నెలలో మా పక్క రైతు గడ్డి కాల్చలేదు, పశువులవాళ్లకు ఇచ్చేశాడు. రెండు చేల అవతల ఎవరో కాల్చారు. నేను అప్పుడు సెలవుల్లో ఊళ్లో ఉన్నాను. ఫోన్ వచ్చింది. మంట గట్టు దాకా వచ్చి, దున్నిన సాళ్ల దగ్గర కాసేపు తచ్చాడి ఆగిపోయిందట.

ఈ వ్యాసం చదివే టీచర్లకు ఒక మాట. సైన్సు పాఠంలో మంటకు కావలసినవి మూడు అని చెబుతాం, మండే పదార్థం, గాలి, వేడి. ఆ పాఠం రోజు పిల్లలను బయటికి తీసుకెళ్లి, వాళ్ల ఇంటి చుట్టూ ఆకు ఎక్కడుందో చూపించమనండి. ఎవరి తాత ఎలా గీత గీసేవాడో అడిగి రాసుకు రమ్మనండి. అగ్గిపెట్టె అక్కర్లేదు, చీపురు చాలు.

మొన్న బడి తెరిచిన రోజు ఆ పెద్దాయన మనవడితో వచ్చాడు. పాప ఇప్పుడు నడుస్తోంది, అతని వేలు పట్టుకుని నిలబడింది.

"మాస్టారండీ, ఈ ఏడు గీత ఎప్పుడండి?" అని అడిగాడు.

"జనవరిలో తాతా. మీరు ఎప్పుడంటే అప్పుడు" అన్నాను.